మాటర్‌హార్న్ హోర్న్లీ రిడ్జ్: ఎక్కే బలం సరే, దిగే సమయం మాటేమిటి?

భువనగిరి బండ (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే వేసవిలో స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కు వెళ్లి, హోర్న్లీ రిడ్జ్ (కొండ అంచు) మీదుగా మాటర్‌హార్న్ ఎక్కాలని నేనూ, నాతో ఎప్పుడూ ఒకే తాడుకు కట్టుకుని ఎక్కే మిత్రుడూ నిశ్చయించుకున్నాం. మేమిద్దరం భువనగిరి కోట బండ మీద శిక్షణ పొందినవాళ్లం. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కడానికి ముందు తొలి పాఠాలు నేర్చుకున్నది కూడా ఆ బండ మీదే. ఆ తరవాత ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థలో ప్రాథమిక, ఉన్నత కోర్సులు పూర్తి చేశాం. గఢ్వాల్‌లో ఆరు వేల మీటర్ల స్థాయి మంచు శిఖరాల అనుభవం కొంత ఉంది.

నా సందేహం ఇది. మాటర్‌హార్న్ ఎత్తు 4,478 మీటర్లు. హోర్న్లీ మార్గాన్ని ఆల్ప్స్ కొలమానంలో ఏడీ స్థాయిగా, అంటే ఓ మోస్తరు కష్టమైన దారిగా లెక్కిస్తారు. రాతి భాగం మూడో శ్రేణిని మించదని, అంతకన్నా నిటారైన చోట్ల లావుపాటి తాళ్లు కట్టి ఉంటాయని చదివాను. మేము భువనగిరిలో దీనికంటే ఎంతో కఠినమైన రాతిని ఎక్కుతాం. అయినా ఈ కొండ మీద 1865 నుంచి ఇప్పటికి 500 మందికి పైగా చనిపోయారని, ఏటా ఎంతోమంది బలవంతులు సగం దారి నుంచి వెనక్కి వస్తారని అంటారు. ఇంత తక్కువ శ్రేణి మార్గంలో అసలు కష్టం ఎక్కడ ఉంది? గైడ్ లేకుండా వెళ్లడం మాకు తగునా? అనుభవజ్ఞులు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

ఆల్ప్స్ వాసి (బెర్న్)

భువనగిరి బండ గారికి నమస్కారం. నేను ఉద్యోగరీత్యా ఇక్కడ స్థిరపడ్డవాణ్ని. హోర్న్లీ మార్గాన్ని గైడ్‌తోనూ, తరవాత తగిన సిద్ధతతో మిత్రులతోనూ ఎక్కాను. మీ ప్రశ్నకు సమాధానం రాతి శ్రేణిలో దొరకదు. దారి పొడవులో, దాన్ని ముగించడానికి ఉన్న వ్యవధిలో దొరుకుతుంది.

జెర్మాట్ నుంచి రోప్‌వేలో ష్వార్జ్‌సే చేరితే అక్కడికి 2,583 మీటర్లు. అక్కడి నుంచి రెండు మూడు గంటల నడకతో 3,260 మీటర్ల ఎత్తున ఉన్న హోర్న్లీ హట్ (ఆరోహకుల బస) చేరుకుంటారు. మరుసటి రోజు తెల్లవారుజామున అక్కడి నుంచి శిఖరానికి 1,218 మీటర్లు ఎక్కాలి. అంత ఎత్తులోనూ మామూలుగా నడిచిపోగల చోటు చాలా తక్కువ. చేతులు వాడుతూ, చెదిరిన మెట్ల వంటి రాతి మీద, రిడ్జ్‌కు ఎడమ వైపున తూర్పు ముఖం అంచుల వెంబడి దారి వెతుక్కుంటూ గంటల తరబడి పోవాలి. ప్రతి కదలికా సులువే, కానీ అలాంటి కదలికలు వేల సంఖ్యలో ఉంటాయి. ప్రతి తాడు పొడవుకూ ఆగి, బెలే కట్టి (ఒకరు జారితే మరొకరు తాడుతో పట్టుకునే ఏర్పాటు చేసి), ఒకరి తరవాత ఒకరు ఎక్కే పద్ధతిని ఇక్కడ పాటిస్తే చీకటి పడేలోగా సాల్వే హట్ దాటడం కూడా కష్టం. కాబట్టి ఇద్దరూ పొట్టి తాడుతో ఒకేసారి కదలాలి. ముందున్నవారు రాతి కొమ్ముల చుట్టూ, ఇనుప మేకుల చుట్టూ తాడును తిప్పుకుంటూ పోవాలి. నిజంగా అవసరమైన చోట మాత్రమే ఆగి బెలే ఇవ్వాలి. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగనక్కరలేదో క్షణంలో తేల్చుకోగలగడమే ఈ కొండకు కావలసిన అసలైన నైపుణ్యం. భువనగిరి నున్నటి గ్రానైట్ మీద బోల్టుల నడుమ ఎక్కే అలవాటుతో ఇది రాదు.

హట్ వెనక కొద్ది నిమిషాల్లోనే తొలి నిటారు గోడ ఎదురవుతుంది, దాని మీద కట్టిన తాడు ఉంటుంది. తెల్లవారుజామున అక్కడ బారులు తీరుతారు. ముందు జెర్మాట్ గైడ్లు, తరవాత ఇతర గైడ్లు, చివరగా గైడ్ లేనివారు బయలుదేరడం అక్కడి ఆనవాయితీ. దీన్ని కొందరు అన్యాయం అంటారు గానీ నేను అనను. చీకట్లో దారి బాగా తెలిసినవారు ముందుంటే, తప్పు దారి పట్టినవారు కదిలించే రాళ్లు వారి మీద పడవు.

ఆ పైన తూర్పు ముఖంలోని లోయలు దాటి, శిథిలమైన పాత హట్ ఆనవాళ్లను దాటి, కింది మోస్లీ పలక ఎక్కితే 4,003 మీటర్ల వద్ద సాల్వే హట్ వస్తుంది. బెల్జియం పారిశ్రామికవేత్త ఎర్నెస్ట్ సాల్వే ఇచ్చిన సొమ్ముతో 1915లో కట్టిన ఈ చిన్న ఆశ్రయం అత్యవసర పరిస్థితులకే. అక్కడ బస చేయవచ్చని పథకం వేసుకుని ఎవరూ వెళ్లకూడదు. దాని పైన మరో మోస్లీ పలక, ఎర్రటి రాతి బురుజులు, ఆ తరవాత 'భుజం' అని పిలిచే మంచు భాగం. ఇక్కడ సాధారణంగా క్రాంపాన్లు (బూట్ల కింద కట్టుకునే ఇనుప ముళ్లు) తొడుక్కుంటారు. అటు పైన ఉత్తర ముఖం వైపు ఒరిగిన నిటారు రాతి మీద లావుపాటి తాళ్లు ఉంటాయి. క్రాంపాన్లతో రాతి మీద నిలబడి, తాడును చేతులతో లాక్కుంటూ, నాలుగు వేల మీటర్లకు పైబడిన ఎత్తులో ఎక్కడం చేతులను త్వరగా అలసింపజేస్తుంది. చివరిది 'కప్పు' అనే మంచు వాలు. కొన్ని సంవత్సరాల్లో అది గట్టి మంచు, కొన్ని సంవత్సరాల్లో నల్లటి ఐస్. శిఖరానికి కొంచెం కింద సెయింట్ బెర్నార్డ్ విగ్రహం కనిపిస్తుంది. దాన్ని దాటితే ఇరుకైన శిఖర రేఖ, స్విస్ కొన 4,478, ఇటలీ కొన 4,476 మీటర్లు.

ఇప్పుడు సమయం మాట. హట్ నుంచి సాల్వే హట్‌కు రెండు, మహా అయితే రెండున్నర గంటల్లో చేరలేనివారిని గైడ్లు సాధారణంగా వెనక్కి తిప్పేస్తారు. శిఖరానికి నాలుగైదు గంటలు పడుతుంది, దిగడానికి మళ్లీ అంతే పడుతుంది. మీకు రెండో సగాన్నే గట్టిగా గుర్తు చేస్తున్నాను. మీరు అడిగిన మరణాల్లో ఎన్నో దిగేటప్పుడు జరిగినవే.

పాత పుటలు (విజయవాడ)

దిగే మాట వచ్చింది కాబట్టి ఈ కొండను తొలిసారి ఎక్కిన రోజున, 1865 జులై 14న జరిగినదాన్ని ఇక్కడ వివరంగా చెప్పడం సముచితం. చాలామంది దాన్ని తెగిన తాడు కథగా మాత్రమే చెప్పి వదిలేస్తారు.

ఇంగ్లండ్ ఆరోహకుడు ఎడ్వర్డ్ వింపర్ అంతకు ముందు కొన్నేళ్లుగా ఇటలీ వైపు నుంచి పలుమార్లు ప్రయత్నించి విఫలుడయ్యాడు. ఆ జులైలో ఇటలీ గైడ్ జాన్-ఆంత్వాన్ కారెల్ తనను వదిలి వేరే బృందంతో బయలుదేరాడని తెలిసి, హడావిడిగా జెర్మాట్ చేరి, అక్కడ దొరికినవారితో బృందం కూర్చాడు. అందులో షామొనీ గైడ్ మిషెల్ క్రో, మతాచార్యుడు చార్లెస్ హడ్సన్, లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్, పందొమ్మిదేళ్ల డగ్లస్ హాడో, జెర్మాట్‌కు చెందిన పీటర్ టాగ్‌వాల్డర్ అనే పేరే గల తండ్రీ కొడుకులు ఉన్నారు. హాడోకు పర్వతానుభవం బహు స్వల్పం. ఎక్కేటప్పుడే అతనికి తరచూ సాయం అవసరమైంది. అయినా మధ్యాహ్నం రెండు గంటలకు కాస్త ముందే శిఖరం చేరి, దాదాపు గంటసేపు అక్కడ గడిపారు.

దిగేటప్పుడు ముందు క్రో, తరవాత హాడో, హడ్సన్, డగ్లస్, టాగ్‌వాల్డర్ తండ్రి, వింపర్, చివర కొడుకు, ఏడుగురూ ఒకే తాడు వరసలో ఉన్నారు. క్రో తన గొడ్డలి పక్కన పెట్టి, హాడో పాదాలను ఒక్కొక్కటిగా పట్టుకుని మెట్ల మీద పెట్టాల్సి వచ్చింది. క్రో ముందుకు తిరగబోతున్న క్షణంలో హాడో జారి అతని మీద పడ్డాడు. ఆ లాగుడుకు హడ్సన్, డగ్లస్ కూడా పోయారు. డగ్లస్‌కూ టాగ్‌వాల్డర్ తండ్రికీ నడుమ తాడు తెగింది, నలుగురు ఉత్తర ముఖం మీదుగా వెయ్యి మీటర్లకు పైగా కిందున్న హిమానీనదంలో పడ్డారు. డగ్లస్ దేహం ఇప్పటికీ దొరకలేదు. తెగిన చోట వాడినది బృందం దగ్గరున్న తాళ్లలో అన్నిటికంటే బలహీనమైనది. టాగ్‌వాల్డరే కోశాడన్న అపవాదు పుట్టింది. విచారణ ఆయనను నిర్దోషిగా తేల్చినా అది ఆయనను జీవితాంతం వదల్లేదు. ఆ తాడు ముక్క ఇప్పటికీ జెర్మాట్ మ్యూజియంలో ఉంది.

నేను చూసినంతలో తాడు తెగడం చివరి కారణం మాత్రమే. దానికి ముందు మూడు నిర్ణయాలు ఉన్నాయి: అనుభవం లేనివాణ్ని బృందంలో చేర్చుకోవడం, ఏడుగురిని ఒకే వరసగా కట్టడం, అలసిన ఆ కుర్రవాణ్ని దిగేటప్పుడు వరసలో పై నుంచి ఎవరూ గట్టిగా పట్టుకునే ఏర్పాటు చేయకపోవడం. ఈ మూడూ శిఖరం అందుకోవాలన్న తొందరలో తీసుకున్నవే. కారెల్ బృందం మూడు రోజుల తరవాత, జులై 17న ఇటలీ వైపు నుంచి ఎక్కి క్షేమంగా దిగింది.

పైన ఆల్ప్స్ వాసి గారు పేర్కొన్న మోస్లీ పలకకు ఆ పేరు 1879లో అక్కడ మరణించిన అమెరికన్ వైద్యుడి నుంచి వచ్చింది. ఆయన కూడా శిఖరం ఎక్కి దిగుతున్నవాడే. దారి ఇక సులువేనని తలచి తాడు విప్పించుకున్నాడు.

మంచుదారి (మ్యూనిక్)

గైడ్ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను, భువనగిరి బండ గారు మరోలా భావించవద్దు. మీరు తొలిసారి ఆల్ప్స్‌కు వస్తున్నారు. తొలిసారి గైడ్‌తోనే వెళ్లండి. మాటర్‌హార్న్‌లో ఒక గైడ్ ఒక్కరినే తీసుకెళ్తారు, కాబట్టి మీ ఇద్దరికీ ఇద్దరు గైడ్లు కావాలి. ఖర్చు భారమే. అయితే ఆ గైడ్ ఈ దారిని చీకట్లో, పొగమంచులో, తాజా మంచు కింద కూడా గుర్తుపట్టగలడు. జెర్మాట్‌లో పుట్టి పెరిగిన ఉల్రిక్ ఇండర్‌బినెన్ ఈ కొండను 370 సార్లకు పైగా ఎక్కాడు, చివరిసారి 1990లో తొంభయ్యో ఏట. అంతటి పరిచయం ఉన్న సంప్రదాయం నుంచి వచ్చిన మనిషి తాడుకు మరో కొన ఉండడం చిన్న విషయం కాదు.

హిమాలయ అనుభవాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ గఢ్వాల్‌లో ఆరు వేల మీటర్ల శిఖరానికి బేస్ క్యాంపు, పై క్యాంపులు, వారాల వ్యవధి ఉంటాయి, వాతావరణం చెడితే డేరాలో కూర్చోవచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఒకే రోజులో ఎక్కి దిగాలి. మధ్యాహ్నానికి మేఘం కమ్ముకుంటే రాతి గుర్తులు మాయమవుతాయి, పిడుగులు పడితే ఈ రిడ్జ్ మీద దాక్కునే చోటు ఉండదు. హోర్న్లీ దారిలో రంగు గుర్తులు లేవు. ఎక్కేటప్పుడు ముందున్నవారి దీపాలను చూసుకుంటూ పోవచ్చు. దిగేటప్పుడు కింద తూర్పు ముఖమంతా ఒకేలా కనిపిస్తుంది. అక్కడ ఎడమ వైపుకో కుడి వైపుకో ఇరవై మీటర్లు తప్పితే చాలు, వదులు రాళ్ల వాలులో ఇరుక్కుపోతారు.

భువనగిరి బండ (హైదరాబాద్)

అందరికీ కృతజ్ఞతలు. పాత పుటలు గారి వివరణ చదివాక తాడు వరస గురించి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. అయితే రెండు అంశాలు ఒప్పుకోలేకపోతున్నాను.

మొదటిది సాల్వే హట్ గడువు. అది గైడ్ల వృత్తి అవసరం కోసం పెట్టుకున్న నియమంలా అనిపిస్తోంది. వారు మరుసటి రోజు మరొకరిని తీసుకెళ్లాలి. వాతావరణం నిర్మలంగా ఉండి, మా ఇద్దరికీ శక్తి ఉంటే, మూడున్నర గంటలకు సాల్వే చేరినా ముందుకు పోవడంలో దోషమేమిటి? రెండోది గైడ్ మాట. గైడ్ వెనకాల తాడుకు కట్టుకుని పోయి శిఖరం చేరడం వేరు, దారిని మేమే కనిపెట్టి, మా నిర్ణయాలు మేమే తీసుకుని చేరడం వేరు. మాకు కావలసింది రెండోది. అందుకు కావలసిన సిద్ధత ఎంతో చెప్పండి, అంతా చేస్తాం.

ఆల్ప్స్ వాసి (బెర్న్)

రెండో అంశంలో నేను మీ పక్షమే. మంచుదారి గారు నన్ను మన్నించాలి. దారిని తానే చదువుకోగలిగిన ఆరోహకుడికి గైడ్ లేకుండా వెళ్లే హక్కు ఉంది, ఆ తృప్తీ నిజమైనదే. కానీ మొదటి అంశంలో మీరు గడువును తలకిందులుగా చూస్తున్నారు.

లెక్క వేయండి. హట్ నుంచి సాల్వేకు 743 మీటర్లు, అక్కడి నుంచి శిఖరానికి 475. పై భాగం ఎత్తు తక్కువైనా, మంచు, తాళ్లు, పలచని గాలి కారణంగా నెమ్మదిగా సాగుతుంది. తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంలో బయలుదేరి మూడున్నర గంటలకు సాల్వే చేరితే ఏడున్నర అవుతుంది. పై భాగానికీ అంతే సమయం పడితే శిఖరం చేరేసరికి పదకొండు అవుతుంది. దిగడం ఎక్కడానికి పట్టినంత సమయమే తీసుకుంటుందని అనుకున్నా సాయంత్రం ఆరు. అది కూడా ఎక్కడా ఆగకుండా, తాళ్ల దగ్గర ఎదురుచూడకుండా, దారి తప్పకుండా ఉంటేనే. అంటే ఎండకు మంచు మెత్తబడి, రాళ్లు కదలడం మొదలై, మేఘాలు పుట్టే గంటలన్నీ మీరు రిడ్జ్ మీదే గడుపుతారు. పైగా మూడున్నర గంటలు పట్టిందంటే మీ కదలికల్లో ఎక్కడో అనవసరమైన ఆగుళ్లు ఉన్నాయని అర్థం, దిగేటప్పుడు అవి ఇంకా పెరుగుతాయి. దిగేటప్పుడు చూపు కాళ్ల కిందికి పోదు, మోకాళ్లు వణుకుతాయి, తాడును కిందికి దించుతూ ఇద్దరూ ఒకే లయలో కదలడం ఎక్కడం కంటే కష్టం. గడువు గైడ్ల కోసం కాదు, రోజులో మిగిలిన సగం కోసం.

శిలా పరిశోధకుడు (విశాఖపట్నం)

నా వృత్తి భూగర్భ శాస్త్రం. ఈ కొండ రాయి గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే భువనగిరి రాతి మీద ఏర్పడిన నమ్మకాన్ని ఇక్కడికి మోసుకురావడం ప్రమాదకరం.

హైదరాబాద్ చుట్టుపక్కల గ్రానైట్ సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. భువనగిరి బండ పెద్దగా పగుళ్లు లేని ఏకశిల. చెయ్యి పెడితే చాలు, అది కదలదన్న భరోసా మీ శరీరానికే అలవాటైపోయి ఉంటుంది. మాటర్‌హార్న్ అలాంటిది కాదు. దాని పాదభాగంలో ఒకప్పటి సముద్రపు అడుగు నుంచి వచ్చిన శిలలున్నాయి. వాటి మీదికి ఆఫ్రికా వైపు భూఫలకం అంచుకు చెందిన గ్నీస్ అనే శిలలు తోసుకువచ్చి పైనున్న పిరమిడ్‌గా నిలబడ్డాయి. ఆల్ప్స్ లేచినప్పటి ఒత్తిడి ఈ రాతిని నిలువునా అడ్డంగా పగులగొట్టింది, ఆ పగుళ్లలో నీరు గడ్డకట్టడం, కరగడం రోజూ సాగుతోంది. హోర్న్లీ రిడ్జ్ మీద చేతికి అందిన ప్రతి రాయినీ బరువు వేసే ముందు తట్టి చూడాలి. లాగకూడదు, కిందికి అదమాలి. మీ కింద మనుషులు ఉంటారన్న సంగతి క్షణమైనా మరవకూడదు.

ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. ఈ ఎత్తులో పగుళ్లలోని ఐస్ రాళ్లను అతికించి ఉంచుతుంది. వేడి పెరిగితే ఆ ఐస్ పూర్తిగా కరగకముందే, సున్నాకు కొంచెం కింద ఉన్నప్పుడే, దాని పట్టు గణనీయంగా సడలుతుంది. 2003 జులైలో, ఐరోపా అంతటా అసాధారణమైన ఎండలు కాసినప్పుడు, హోర్న్లీ రిడ్జ్ మీద పెద్ద రాతి భాగం విరిగిపడింది. పైనున్న పదుల మంది ఆరోహకులను హెలికాప్టర్లతో దించారు. ఆ తరవాత 2008 నుంచి పరిశోధకులు ఈ రిడ్జ్ మీద 3,500 మీటర్ల ప్రాంతంలో సెన్సర్లు అమర్చి పగుళ్ల కదలికను, ఉష్ణోగ్రతను నిరంతరం కొలుస్తున్నారు. 2022 జులై 25న స్విట్జర్లాండ్ మీద సున్నా డిగ్రీల ఎత్తు, అంటే గాలి ఉష్ణోగ్రత సున్నాకు పడిపోయే ఎత్తు, 5,184 మీటర్లకు చేరింది. 2023 ఆగస్టులో అది 5,298 మీటర్లకు పెరిగి ఆ రికార్డు కూడా చెరిగిపోయింది. అంటే ఆ రోజుల్లో మాటర్‌హార్న్ శిఖరం కూడా రాత్రింబవళ్లు సున్నా కంటే వెచ్చని గాలిలోనే ఉంది. 2022 వేసవిలో కొంతకాలం గైడ్లు ఈ కొండ మీదికి ఎవరినీ తీసుకెళ్లలేదు. కాబట్టి మీరు చూడవలసింది ఆకాశం నిర్మలంగా ఉందా అన్నది ఒక్కటే కాదు. ముందురోజు రాత్రి రాయి గడ్డకట్టిందా లేదా అన్నది కూడా చూడాలి.

వైద్య మిత్రుడు (నెల్లూరు)

ఎత్తు గురించి క్లుప్తంగా. 4,478 మీటర్ల వద్ద గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానికి అరవై శాతం లోపే ఉంటుంది. ఆరు వేల మీటర్లు ఎక్కినవారు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, కానీ ఆనాడు సంపాదించిన అలవాటు శరీరంలో ఎల్లకాలం నిలవదు. కిందికి వచ్చిన కొద్ది వారాల్లోనే దాదాపు పోతుంది. హైదరాబాద్ నుంచి విమానం దిగి, మూడో రోజున హోర్న్లీ హట్‌లో పడుకుంటే, నాలుగో రోజు తెల్లవారుజామున తలనొప్పితో, వికారంతో లేస్తారు. ఆ స్థితిలో కాలు ఎక్కడ పెట్టాలో తేల్చుకునే బుద్ధి కూడా మందగిస్తుంది. మూడు వేల మీటర్లు దాటాక రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పడుకునే ఎత్తు పెంచకూడదన్నది వైద్యులు సాధారణంగా చెప్పే సూత్రం. ఎత్తుకు అలవాటు పడేందుకు అసెటజోలమైడ్ వంటి మాత్రలు వాడదలిస్తే బయలుదేరే ముందే మీ వైద్యుణ్ని సంప్రదించండి. తడబాటు, విశ్రాంతిలో కూడా ఆయాసం కనిపిస్తే మందు కోసం వెతకకుండా కిందికి దిగడమే చికిత్స.

ఒక కోరిక కూడా. మా జిల్లావాడైన మల్లి మస్తాన్‌బాబు ఏడు ఖండాల శిఖరాలను 2006లో 172 రోజుల్లో ఎక్కిన మనిషి, 2015లో ఆండీస్‌లో మరణించాడు. అంతటి ఆరోహకుణ్ని పోగొట్టుకున్న ప్రాంతం నుంచి అడుగుతున్నాను: ఎక్కడున్నారో, ఎప్పటికి దిగాలో కింద ఒకరికి తప్పక చెప్పి వెళ్లండి.

మంచుదారి (మ్యూనిక్)

ఆల్ప్స్ వాసి గారి మాట గౌరవిస్తూనే, గైడ్ విషయంలో నా అభిప్రాయం మార్చుకోవడం లేదు. దారి చదవడం నేర్చుకోవడానికి ఇదే మొదటి కొండ కానక్కరలేదు. కానీ మీరు స్వయంగానే వెళ్తారనుకుని, మొదటి వారంలో చేయదగినది చెబుతాను.

జెర్మాట్ గైడ్లు తమ అతిథులను పరీక్షించడానికి తీసుకెళ్లే చోట్లకే మీరూ వెళ్లండి. 2,928 మీటర్ల రిఫెల్‌హార్న్ రాతి మీద మంచు బూట్లతో ఎక్కి, అదే దారిలో దిగండి. బండలు ఎక్కడానికి వాడే పలచని బూట్లు హైదరాబాద్‌లోనే వదిలేయండి. క్లైన్ మాటర్‌హార్న్ రోప్‌వే 3,883 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి 4,164 మీటర్ల బ్రైట్‌హార్న్ శిఖరానికి మామూలు దారి ఉంది, మీకు ఎత్తు అలవాటవడానికి అది చాలు. దాని మీద ధీమా పెంచుకోవద్దు, అది మంచు నడక మాత్రమే. బ్రైట్‌హార్న్ రిడ్జ్‌ను సగం దాటి వెళ్లే మార్గం, 4,092 మీటర్ల పోలక్స్ మాత్రం మంచు, రాయి కలిసినవి. పోలక్స్ మీద గొలుసులు, తాళ్లు కూడా ఉంటాయి. అక్కడ క్రాంపాన్లతో రాతి మీద హాయిగా కదలగలిగితే మాటర్‌హార్న్ పై భాగానికి సగం సిద్ధపడ్డట్టే.

హట్‌లో పడకను ముందే రిజర్వు చేసుకోవాలి. 2015లో కొత్త భవనం తెరిచాక పడకలు 170 నుంచి 130కి తగ్గాయి, చుట్టుపక్కల డేరా వేయడం నిషిద్ధం. బీమా పత్రంలో పర్వతారోహణ, హెలికాప్టర్ రక్షణ రెండూ స్పష్టంగా రాసి ఉండాలి. ఇక్కడ రక్షణ ఖర్చు రక్షించబడినవారిదే. జెర్మాట్ ఉన్న కంటన్‌లో (స్విస్ రాష్ట్రంలో) అత్యవసర నంబరు 144. కొత్త మంచు పడ్డాక కనీసం కొద్ది రోజులు ఆగండి, స్థానిక గైడ్లు పైకి వెళ్లడం మొదలయ్యేదాకా మీరూ కదలవద్దు.

భువనగిరి బండ (హైదరాబాద్)

సభ్యులందరి మాటలూ మేమిద్దరం కలిసి కూర్చుని చదివాం. ఇప్పటికి నిశ్చయించుకున్నది ఇది. ఆగస్టు అంతటినీ జెర్మాట్‌కే కేటాయిస్తాం. ముందు బ్రైట్‌హార్న్, తరవాత రిఫెల్‌హార్న్, బ్రైట్‌హార్న్ సగం రిడ్జ్, పోలక్స్. ఈ వరసలో పోలక్స్ మీద మా వేగం సంతృప్తికరంగా లేకపోతే ఇద్దరు గైడ్లను మాట్లాడుకుంటాం. మంచుదారి గారు ఈ షరతుకైనా ఒప్పుకుంటారని ఆశిస్తున్నాను. స్వయంగా వెళ్తే, శిఖర ప్రయత్నానికి ముందు రోజు హట్ నుంచి వెలుతురులో కింది భాగం కొంత ఎక్కి, దిగే దారిని గుర్తుపెట్టుకోవాలనుకుంటున్నాం. సాల్వే గడువు రెండున్నర గంటలు. అది దాటితే మిత్రుడు చెప్పినా, నేను చెప్పినా వెనక్కే.

ఒక్క సందేహం మిగిలింది. దిగేటప్పుడు ఎక్కడ తాడుతో రాపెల్ చేయాలి (తాడుకు వేలాడుతూ జారి దిగాలి), ఎక్కడ నడిచి దిగాలి? అరవై మీటర్ల తాడు తీసుకెళ్తే రాపెల్‌లు పొడవుగా చేసి సమయం ఆదా చేయవచ్చు కదా?

ఆల్ప్స్ వాసి (బెర్న్)

ముందు రోజు వెలుతురులో కింది భాగం చూడటం మంచి ఆలోచన. తొలి లోయలు దాటేచోట మళ్లీ మళ్లీ వెనక్కి తిరిగి, పైనుంచి దిగేవాడికి అవి ఎలా కనిపిస్తాయో చూసుకోండి. ఫోనులో ఫొటోలు తీసుకోండి.

తాడు ముప్పై నుంచి నలభై మీటర్లు చాలు. అరవై మీటర్ల తాడుతో పొడవైన రాపెల్ చేస్తే, పైనుంచి తాడు లాగేటప్పుడు అది రాళ్ల మధ్య ఇరుక్కుంటుంది, లేదా వదులు రాళ్లను మీ మీదికే దించుతుంది. ఈ కొండ మీద రాపెల్ ఎంత పొడవైతే అంత ఆలస్యం. లావుపాటి తాళ్ల భాగంలో ఒకరు పైనున్న ఇనుప మేకుకు తాడు చుట్టి రెండోవారిని దించాలి, తరవాత తానూ జాగ్రత్తగా దిగాలి. రెండు మోస్లీ పలకల దగ్గర బిగించిన ఆంకర్ల (తాడు తగిలించే ఆధారాల) నుంచి పొట్టి రాపెల్‌లు సబబే. మిగతా చోట్ల లోయ వైపు ముఖం పెట్టో, పక్కకు తిరిగో నడిచి దిగడం అలవాటు చేసుకోండి. తక్కువ అనుభవం ఉన్నవారు ఎప్పుడూ ముందు, అంటే కింద ఉండాలి, బలమైనవారు పైన ఉండి తాడును బిగువుగా పట్టుకోవాలి. ఎవరు పైన, ఎవరు కింద అన్నది బయలుదేరక ముందే మీ ఇద్దరి మధ్య తేలిపోవాలి.

పోలక్స్ తరవాత మీ గంటల లెక్క ఇక్కడ రాయండి, హోర్న్లీ మీద దాని అర్థమేమిటో చూసి చెబుతాను.